నల్లబడిన గ్రుడ్లను పారవేయకుడు



మా వద్ద ట్రైకో కార్డు తీసికొనిపోయిన యొక చెఱకు రైతు మూడవనాడు దానిని తిరిగి తెచ్చి, "గ్రుడ్లన్నీ నల్లబడి చెడిపోయినాయండి, మంచివి ఇప్పించండి" అని యడిగెను. సంచి విప్పి చూడగా లోపల నలుసులవంటి కందిరీగలు చచ్చి పడియుండెను. ఆయన సొమ్ము వ్యర్థమయ్యెను. కార్డు నిచ్చునపుడే విషయము చెప్పకపోవుట మా తప్పు. దానిని దిద్దుకొనుటకే యీ నాలుగు మాటలు.

పీకపురుగు పట్టిన చెఱకు పిలకలో మొవ్వు ఎండిపోవును. లాగినచో సులభముగా ఊడివచ్చి దుర్గంధము కొట్టును. పురుగు పిలకలో దూరిన పిమ్మట మందు దానిని చేరుట కష్టము. కావున గ్రుడ్డుగా నున్నపుడే దానిని రూపుమాపవలెను. ఆ పని చేయునది ట్రైకోగ్రామా యను కందిరీగ. పొడవు సుమారు అర మిల్లీమీటరు, మనుష్యులను కుట్టదు.

పీకపురుగు తల్లి ఆకుల అడుగున వరుసలుగా గ్రుడ్లు పెట్టును. ఈ కందిరీగ వానిని వెదకి, వానిలోపల తన గ్రుడ్లను పెట్టును. దాని పిల్ల లోపలి సారము నంతయు తిని యచ్చటనే పెరుగును. మామిడికొమ్మపై బదనికవలె పరుల సొత్తుతో బ్రదుకుటచే దీనికిని బదనిక యని పేరు. మూడు నాలుగు దినములకు గ్రుడ్డు నల్లబడును. ఆ నలుపే లోపల బదనిక యున్నదనుటకు గుర్తు. సుమారు ఎనిమిదవ దినమున గుండ్రని రంధ్రము చేసికొని క్రొత్త కందిరీగ వెలువడును.

బియ్యమునకు పట్టు రెక్కలపురుగు గ్రుడ్లను అట్టపై నంటించి, వానిలో ఈ బదనికలను పెంచి కార్డులు తయారుచేయుదురు. ఒక సి.సి. కార్డులో సుమారు 20,000 గ్రుడ్లుండును. చెఱకు నాటిన 30 దినములనుండి, 7-10 దినముల కొకసారి, ఎకరమునకు ఒక కార్డు చొప్పున నాలుగు పర్యాయములు పెట్టవలెను. కార్డును ముక్కలుగా కత్తిరించి, సాయంకాలమున, ఎండవానలు తగులకుండ తోటయందంతటను ఆకుల అడుగున గ్రుచ్చవలెను. తెచ్చిన కార్డును ఇంట నిలువ చేయరాదు. ఆ దినములలో పురుగుమందు చల్లినచో శత్రువుకంటె ముందు మిత్రుడే చచ్చును.

ఎండిన మొవ్వును ఈ కందిరీగ బ్రదికింపజాలదు. రాబోవు పురుగును మాత్రమే ఆపగలదు. మొక్కల మొదళ్లకు మన్ను ఎగద్రోయుట, సాళ్ల నడుమ చెత్త పరచుట, సకాలమున నీరు కట్టుట మానరాదు.

ఆ రైతు మరియొక కార్డు తీసికొని, ఈసారి తిన్నగా తోటకే పోయెను. మీరును అట్లే చేయుడు.