అద్దానికి పట్టిన పాచి

చేపల తొట్టి అద్దాన్ని ఎంత శుభ్రంగా తుడిచినా కొద్దిరోజులకే మళ్ళీ పచ్చబారుతుంది. దానిని చూసి నీరు చెడిపోయిందనుకుంటాం. ఆ మాట సగమే నిజం.

పాచి అంటే సూక్ష్మమైన శైవలాల సముదాయం. వాటికి వెలుతురు, పోషకాలు కావాలి. చేపల విసర్జితాలు, తినగా మిగిలిన మేత అమోనియాను పుట్టిస్తాయి. బాక్టీరియా దానిని నైట్రేట్లుగా మారుస్తాయి. మేతనుండి ఫాస్ఫేట్లు కూడ నీటిలో చేరుతాయి. పైరుకు ఎరువు ఎటువంటిదో శైవలాలకు ఇవి అటువంటివి. ఎండపడే కిటికీ ప్రక్కన తొట్టిని ఉంచి, రాత్రింబవళ్ళు దీపం వెలిగించి, గుప్పెళ్ళతో మేత చల్లేవారు చేపలతోపాటు పాచిని కూడ పెంచుతున్నట్లే! వెలుతురును, మేతను తగ్గించి, వారానికొకసారి కొంత నీటిని మార్చాలి. అద్దాన్ని రుద్దినంతమాత్రాన కారణం తొలగదు. క్రొత్త తొట్టిలో కనిపించే గోధుమరంగు పొర మాత్రం వేరు. అది డయాటమ్‌లది; తరచు దానంతటదే తగ్గిపోతుంది.

నీటి మంచిచెడ్డలను కంటితో నిర్ణయించలేమనడానికి నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమే సాక్ష్యం. అక్కడి గ్రానైటు శిలల ఖనిజాలనుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. ఆ నీరు తేటగానే ఉంటుంది. కాని ఏళ్ళతరబడి త్రాగినవారి దంతాలు గారపట్టాయి; ఎందరికో ఎముకలు వంగిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దానిని తేర్చే ‘నల్లగొండ పద్ధతి’ని 1970వ దశకంలో నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించారు. తరువాత మిషన్ భగీరథ ద్వారా ఈ జిల్లా పల్లెలకు కృష్ణాజలం చేరింది. ఆ నీటిని మూతలేని తొట్టిలో ఎండకు వదిలితే మాత్రం, చేపల తొట్టి అద్దానికి పట్టినట్లే గోడలకు పాచి పడుతుంది.