మేడిపండులో పురుగుకేం పని?

ఎండు అంజీర తినే ఇళ్లలో ఈమధ్య ఒక అనుమానం తిరుగుతోంది. ప్రతి అంజీరలోనూ ఒక చచ్చిన కందిరీగ ఉంటుందట, మరి అది శాకాహారమేనా అని. ఫోన్లలో చక్కర్లు కొట్టే వీడియోలు అరనిమిషంలో తీర్పు చెప్పేస్తున్నాయి. ఉంటుంది, తినకండి అని కొన్ని. ఉండదు, భయం లేదు అని కొన్ని. రెండూ తొందరపాటే. అది ఏ రకం అంజీర అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. ఆ లెక్క తేల్చేముందు మేడిచెట్టు దగ్గర కాసేపు ఆగాలి. అంజీరకు అది దగ్గరి చుట్టం. పైగా అంజీర కథ కన్నా మేడి కథే రసవత్తరంగా ఉంటుంది.

మర్రి, రావి, జువ్వి, మేడి, అంజీర అన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతి. ప్రపంచం మొత్తం మీద వీటిలో 750కి పైగా జాతులున్నాయి. అన్నిటికీ ఒకటే అలవాటు: పూలను బయట పెట్టవు. కాయ అని అందరూ అనుకునేది నిజానికి పూలగుత్తి. పొద్దుతిరుగుడు పువ్వును అంచులు పట్టి పైకి లాగి మూటగడితే పూలన్నీ లోపలికి తిరిగిపోతాయి కదా, అచ్చం అలాంటి ఏర్పాటు. మేడికాయలో అయితే వేల పూలు లోపలి గోడకు అతుక్కుని ఉంటాయి. మూతి దగ్గర సన్నటి కన్ను ఒకటి ఉంటుంది గానీ, దానికీ పొలుసులు ఒకదాని మీద ఒకటి అడ్డం. గాలికీ తేనెటీగకూ సీతాకోకచిలుకకూ లోపలికి దారి లేదు.

దారి ఒక్కరికే ఉంది. మేడికి సంబంధించినంతవరకూ ఆ ఒక్కరి పేరు సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. కందిరీగల వర్గమే అయినా దోమకన్నా చిన్నది, కుట్టదు. రావికి వేరే జాతి, మర్రికి వేరే జాతి. కొన్ని మినహాయింపులున్నా, చాలావరకు ఒక్కో చెట్టుకు ఒక్కో పురుగు. లేతకాయలో ఆడపూలు సిద్ధం కాగానే చెట్టు ఒక వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని ఆడ కందిరీగ వచ్చి వాలుతుంది. తల పలకలా బల్లపరుపుగా ఉంటుంది, దవడల కింద వెనక్కి తిరిగిన పళ్లుంటాయి. పొలుసుల మధ్య తల దూర్చి, పళ్లతో పట్టు దొరకబుచ్చుకుంటూ లోపలికి జరుగుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి, మీసాలు తెగిపోతాయి. ఇక వెనక్కి రావడమన్నది లేదు. పెద్దపురుగుగా దాని ఆయుష్షు మొత్తం ఒకటి రెండు రోజులే కాబట్టి, రావాల్సిన పని కూడా లేదు.

లోపల దానికి రెండు పనులు. మొదటిది తన స్వార్థం. ఒక్కో పూవు కీలంలోంచి సూదిలాంటి అవయవాన్ని దించి అండాశయంలో ఒక్కో గుడ్డు పెడుతుంది. గుడ్డు పడిన పూవు విత్తనం కట్టదు. బుడిపెగా ఉబ్బి పిల్లపురుగుకు గదీ తిండీ అవుతుంది. రెండో పని చెట్టుది. ఆ కందిరీగ రొమ్ము మీద ఒక జత సంచులుంటాయి. పుట్టినచోటు నుంచి పుప్పొడిని వాటిలో నింపుకొనే బయల్దేరింది. ఇప్పుడు ముందుకాళ్లతో దాన్ని తీసి కీలాగ్రాల మీద అద్దుతుంది. పొరపాటున ఒంటికి అంటిన పుప్పొడి కాదిది, తెలిసి మోసుకొచ్చినది. ఈ సంచుల సంగతి 1960ల చివరిదాకా లోకానికి తెలియదు. 1969లో కోస్టారికాలో విలియం రమీరెజ్, ఇజ్రాయెల్‌లో గలీల్, ఐసికోవిచ్ విడివిడిగా దీన్ని రాశారు. అంతకుముందు రెండువేల ఏళ్లకు పైగా పండితులు ఈ వర్గం పురుగులను చూస్తూనే ఉన్నారు.

కొన్ని వారాలు గడుస్తాయి. ముందు మగవి బయటపడతాయి. వాటికి రెక్కలుండవు, చూపు అంతంతమాత్రం, ఒళ్లు తేనెరంగు. చీకట్లో తడుముకుంటూ ఆడపురుగులున్న బుడిపెలకు కన్నం పెట్టి, అవి ఇంకా లోపల ఉండగానే జతకడతాయి.

అసలు విడ్డూరం ఇక్కడే మొదలవుతుంది. దీన్ని బయటపెట్టింది గలీల్ బృందమే, అదీ మన రావిచెట్టు మీద, 1973లో. మూసి ఉన్న రావికాయ లోపల కార్బన్ డయాక్సైడ్ దాదాపు 10 శాతం దాకా పేరుకుపోతుంది. బయటి గాలిలో అది ఒక శాతంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ ఉక్కిరిబిక్కిరి గాలిలో మగపురుగులు హుషారుగా తిరుగుతాయి, ఆడవి మాత్రం మందకొడిగా పడి ఉంటాయి. జతకట్టడం పూర్తయ్యాక మగవన్నీ ఒకచోట చేరి కాయ గోడను కొరికి సొరంగం తవ్వుతాయి. సొరంగం తెరుచుకోగానే బయటి గాలి లోపలికొస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఇప్పుడు తారుమారు. ఆడవి చురుగ్గా లేచి, అప్పుడే పక్వానికొచ్చిన మగపూల మధ్య తిరిగి, పుప్పొడి తీసుకుని, మగవి తవ్విన దారిలోంచి ఎగిరిపోతాయి. తవ్విన మగవి అక్కడే చస్తాయి, లేదా సొరంగంలోంచి కిందపడి చీమల పాలవుతాయి. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే గంట, కాయలోని గాలే.

ఆ తర్వాతే కాయ మెత్తబడి రంగెక్కి తీపెక్కుతుంది. కాబట్టి మేడిపండులో పురుగులు కనిపించడం, కనిపించకపోవడం విప్పిన రోజును బట్టి ఉంటుంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న వేమన చూపు తప్పు కాదు. పురుగులుండటం నిజమే. కానీ పురుగు ఆ పండుకు పట్టిన తెగులు కాదు. పురుగు రాకుంటే మేడికి విత్తనమే లేదు.

బయటపడిన ఆడపురుగు ఇంకో చెట్టు వెతుక్కోవాలి. ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి కాబట్టి పుట్టిన చెట్టు మీద సాధారణంగా లేతకాయ దొరకదు. ఉన్నది ఒకటి రెండు రోజుల ఆయుష్షు. మరి ఎంత దూరం పోగలదు? నమీబియా ఎడారిలో ఉగాబ్ నది వెంట అక్కడక్కడా ఉండే ఫైకస్ సికమోరస్ చెట్ల విత్తనాలకు పరిశోధకులు జన్యుపరీక్షలు చేసి తండ్రిచెట్లను పట్టుకున్నారు. 160 కిలోమీటర్ల అవతలి చెట్టు పుప్పొడి కూడా వచ్చినట్టు 2009లో ప్రకటించారు. నలకంత పురుగు, గాలి వాటున, రెండు రోజుల్లోపు.

ఇంత ఏర్పాటున్నచోట దొంగలు లేకుండా ఉంటారా? గుడ్లు పెట్టి, పుప్పొడి అద్దకుండా ఎగ్గొడితే పురుగుకు శ్రమ తగ్గుతుంది. పనామాలో షార్లెట్ యాండేర్, అలెన్ హెర్ ఈ ప్రశ్నే పట్టుకున్నారు. పుప్పొడి లేని కందిరీగలను కాయల్లోకి పంపి చూశారు. పుప్పొడిని తెలిసి అద్దే కందిరీగల మీద ఆధారపడ్డ చెట్లు, విత్తనం కట్టని కాయలను చాలావరకు రాల్చేశాయి. మోసగత్తె సంతానం కాయతోబాటే నేలపాలు. శిక్ష గట్టిగా ఉన్న జాతుల్లో ఎగవేతదార్లు తక్కువగా ఉన్నారని కూడా తేలింది. 2010లో వచ్చిన ఆ పరిశోధన చదివాక చెట్టును నోరులేనిదని జాలిపడటం కష్టం.

రెండో రకం దొంగలు అసలు లోపలికే రారు. బయట కూర్చుని, పొడుగాటి సూదితో కాయగోడను తొలిచి గుడ్లు పెట్టిపోతారు. మేడికాయ మీద అలా పనిచేసే ఒక కందిరీగ సూదిమొనను బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రత గుండయ్య పరిశీలించారు. ఆ మొనలో జింకు ఉంది. వెంట్రుకకన్నా సన్నటి సూది పచ్చికాయను తొలిచినా అరగకుండా ఉండటానికి ఆ లోహం అండ.

ఇక అంజీర. మేడిలో, రావిలో ఒకే కాయ విత్తనాలనూ పురుగులనూ కంటుంది. అంజీర ఆ పనులను రెండు చెట్లకు పంచింది. ఒకటి పురుగుల్ని పెంచే చెట్టు. దాని కాయల్లో మగపూలూ, కీలాలు పొట్టిగా ఉన్న ఆడపూలూ ఉంటాయి. రెండోది తినే అంజీర చెట్టు. దాని పూల కీలాలు పొడుగు, బ్లాస్టోఫాగా సీనెస్ అనే కందిరీగ సూదికి అండాశయం అందదు. వాసన నమ్మి లోపలికి దూరిన పురుగు ఒంటికంటిన పుప్పొడిని పూలకు పూసి, ఒక్క గుడ్డయినా పెట్టలేక అక్కడే చచ్చిపోతుంది. శుద్ధ మోసం, కానీ పంట పండేది దానితోనే.

దీన్ని అర్థం చేసుకోవడంలో మహామహులు తప్పటడుగులు వేశారు. అడవి అంజీర కాయలను తోటచెట్లకు వేలాడగడితే పిందెలు రాలవని గ్రీకు రైతులకు తెలుసు. హెరొడోటస్ బాబిలోనియా ఖర్జూరాలకు కూడా పురుగే దూరి పండిస్తుందని రాశాడు. అక్కడ నిజానికి మనుషులే మగపూల గెలలు తెచ్చి కడతారు, పురుగు ఊసే లేదు. థియోఫ్రాస్టస్ ఈ పురుగులు గింజల్లోంచి పుడతాయన్నాడు. పురుగులు వెళ్లిపోయాక కాయలో గింజలు ఉండవు కదా, అదే రుజువన్నాడు. చూసింది సరిగ్గానే చూశాడు, అర్థం తలకిందులైంది. 19వ శతాబ్దంలో నేపుల్స్‌లో గస్పరీని అనే వృక్షశాస్త్రవేత్త మరీ ముందుకెళ్లి, ఆ కాయలు వేలాడగట్టడమే దండగన్నాడు. రెండు చెట్లను వేర్వేరు ప్రజాతులుగా విడదీశాడు.

అందరికన్నా ఖరీదైన తప్పు కాలిఫోర్నియాది. 1880ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక 'బులెటిన్' టర్కీలోని స్మిర్నా నుంచి వేల అంజీర కొమ్మలు తెప్పించి చందాదారులకు పంచింది. చెట్లు ఏపుగా పెరిగాయి, పిందెలు వేశాయి, అన్నీ రాలిపోయాయి. టర్కీవాళ్లు పనికిరాని రకం అంటగట్టారని రైతులు తిట్టుకున్నారు. పురుగు కావాలని గుస్తావ్ ఐసెన్ లాంటివాళ్లు చెబితే నమ్మలేదు. ఫ్రెస్నోలో జార్జ్ రోడింగ్ 1890లో చేత్తో పుప్పొడి అద్ది కాయలు నిలబెట్టి చూపించాడు. వాల్టర్ స్వింగిల్ అల్జీరియా నుంచి పంపిన కాయల్లోని కందిరీగలు 1899లో గానీ అక్కడ నిలదొక్కుకోలేదు. చెట్టు తెచ్చి, పురుగును మరిచిపోయినందుకు దాదాపు ఇరవై ఏళ్లు పోయాయి.

ఇప్పుడు ఆ శాకాహార ప్రశ్న. పుణె పురందర్‌లో, అనంతపురం జిల్లాలో పండించే అంజీరలు పురుగు అక్కర్లేకుండా, పుప్పొడి పడకుండానే పండే రకాలు. టర్కీ ఎండు అంజీరకు పేరుపడ్డ సరిలోప్, కాలిఫోర్నియా కాలిమిర్నా రకాలు పురుగు దూరితేనే పండుతాయి. దూరిన పురుగు పండులో చాలావరకు చివికి కలిసిపోతుంది. పంటికింద కరకరలాడేది గింజలే. జైనులు మర్రి, రావి, మేడి లాంటి ఐదు పళ్లను ఉదుంబరాలని పేరుపెట్టి వదిలేస్తారు. లోపల ఏముంటుందో వాళ్లు ఎప్పుడో విప్పి చూశారన్నమాట.

వ్యాపారం సంగతి అడిగితే ఈ పురుగు మీద అంత ప్రేమ కనిపించదు. కందిరీగ పుప్పొడితోబాటు బూజు బీజాలనూ మోసుకొచ్చి కాయను లోపలే కుళ్లబెడుతుంది. అందుకని కాలిఫోర్నియా తోటల్లో పురుగుచెట్లను దూరంగా పెంచి, ఏటా కాయలు కోసి సంచుల్లో పెట్టి, లెక్కకు మించకుండా చెట్లకు వేలాడదీస్తారు. కూలీ ఖర్చు, కుళ్లు నష్టం, ఏటా అదే తతంగం. పురుగుతో పనిలేని రకాల వైపు రైతు మొగ్గుతున్నాడంటే తప్పుపట్టలేం. గింజకట్టిన సరిలోప్ రుచి ముందు ఆ రకాలు చప్పగా ఉంటాయని గొణుక్కునే హక్కు మాత్రం తినేవాళ్లకుంది.