వార్తల్లో పదం: బ్లిజ్‌కాన్

కాలిఫోర్నియాలోని ఇర్వైన్ నగరము కేంద్రముగా వీడియో గేములను నిర్మించు బ్లిజర్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ, సమీపమందలి అనహైమ్ సమావేశ మందిరమున తన అభిమానులకై 2005లో ఆరంభించిన మహోత్సవమునకు బ్లిజ్‌కాన్ అని పేరు. వార్షికోత్సవమని వ్యవహారమేగాని, 2012, 2020, 2024 వంటి కొన్ని సంవత్సరములలో ఇది జరుగనేలేదు.

ఈ పదము గేములాడనివారి చెవిని సైతము సోకినది 2018 నవంబరులో. బ్లిజర్డ్ వారి డయాబ్లో అను గేములో 2012 నాటి మూడవ భాగమునకు తరువాయి భాగమెప్పుడు వచ్చునా యని కంప్యూటర్ల యెదుట ఏండ్లతరబడి నిరీక్షించినవారికి, చైనా సంస్థ నెట్‌ఈజ్‌తో కలిసి నిర్మించుచున్న డయాబ్లో ఇమ్మోర్టల్ అను ఫోను ఆట ఒక్కటే ఆనాడు చూపబడినది. ప్రశ్నోత్తరముల వేళ ఒక యువకుడు మైకు వద్ద నిలిచి, ఇది అకాలమున వచ్చిన ఏప్రిల్ ఫూల్ పరిహాసమా యని అడిగెను. కంప్యూటరుకు దీనిని తెచ్చు యోచన లేదని వేదికపైనుండి సమాధానము రాగా సభలో నిరసనధ్వను లెగసెను. మీ వద్ద ఫోనులు లేవా యని నిర్మాత ఎదురు ప్రశ్నించెను.

ఆ నిరసనను అహంకారమని కొందరనిరి, నేనట్లు తలపను. టికెట్టు కొని, దూరదేశములనుండి విమానములెక్కి, తమ ప్రియపాత్రల వేషములను స్వహస్తములతో కుట్టుకొని వచ్చిన జనులకు, తమ యింటి శుభకార్యమున తమనే పలుకరించువారు లేకపోయినంత బాధ కలిగినది. అయినను, తాను శ్రమించి చేసిన పనిని వేలమంది సమక్షమున తిరస్కరింపగా నిలిచియుండవలసివచ్చిన ఆ నిర్మాత స్థితియు జాలిగొలుపునదే.

మరుసటి యేడు అదే వేదికపై డయాబ్లో నాలుగవ భాగము ప్రకటింపబడెను. ఇమ్మోర్టల్ 2022 జూన్‌లో విడుదలైనప్పుడు, ఫోనులతోపాటు కంప్యూటర్లకును వచ్చెను.