మొలకెత్తిన ధాన్యం: జావకా, సారాకా?

గడచిన కార్తీక మాసంలో కోరుట్ల ప్రాంతం నుండి ఒక యువకుడు నా వద్దకు వచ్చినాడు. పది సంవత్సరాలు దుబాయిలో పనిచేసి స్వగ్రామానికి తిరిగి వచ్చినవాడు. నడుము నొప్పికి తైలం తీసుకొని, లేవబోతూ ఒక సందేహం బయటపెట్టినాడు.

"సారూ, బయటి దేశాలల్ల గింజలు మొలకెత్తిచ్చి మందు తీస్తరట గదా! మన జొన్నలతోని వస్తదా? ఎన్నొద్దులు మొలకెయ్యాలె?"

వైద్యుని వద్దకు వచ్చి సారా విధానం అడిగినందుకు మొదట నాకు నవ్వు వచ్చినది. కాని ఆ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చలేకపోయినాను. అతడు అడిగిన మొదటి మెట్టు, అనగా ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టుట, నేను ఇరవై సంవత్సరాలుగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో తల్లులకు చెప్పుచున్న పనియే. సారా బట్టీకి, పసిబిడ్డ జావగిన్నెకు మొదటి మూడు రోజులు దారి ఒక్కటే. ఆ మూడు రోజుల విషయంలోనే నేను ఒకప్పుడు పెద్ద పొరపాటు చేసినాను. దానిని కూడ ఈ వ్యాసంలో దాచకుండ చెప్పుచున్నాను.

గింజ మొలకెత్తునప్పుడు లోపల ఏమి జరుగుచున్నదో ముందు తెలుసుకొనవలెను. ఎండిన గింజలోని పిండి ఆ మొలకకు తల్లి దాచిపెట్టిన చద్దిమూట వంటిది. అయితే మొలక ఆ పిండిని ఉన్నదున్నట్లు తినలేదు. నీరు తగలగానే గింజలో అమైలేజ్ అనే పాచకద్రవ్యం పుట్టి, పిండిని చక్కెరలుగా విడగొట్టును. 1833లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞులు పాయెన్, పెర్సోజ్ మొలకెత్తిన బార్లీ గింజల నుండి దీనిని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టినారు. మొలకను సరియైన సమయంలో ఎండబెట్టి ఆపివేసినచో, ఆ పాచకశక్తి గింజలోనే నిద్రించి, మరల నీరు, వేడి తగిలినప్పుడు మేల్కొనును. విస్కీ తయారుచేయువారు బార్లీతో చేయుచున్నది ఇదే. మన ఇంట తైదల మాల్టు చేయు అమ్మ చేయుచున్నదీ ఇదే.

ఇది పడమటి దేశాల వారు మనకు నేర్పిన విద్య అని భ్రమపడవలసిన పని లేదు. వైదిక కర్మలలో సౌత్రామణి అనే యాగమున్నది. అందులో సుర తయారుచేయుటకు మొలకెత్తిన వడ్లను, మొలకెత్తిన యవలను, పేలాలను వాడవలెనని యజ్ఞగ్రంథాలు చెప్పుచున్నవి. మొలకెత్తిన వడ్లకు శష్పమని, మొలకెత్తిన యవలకు తోక్మమని పేర్లు. ఆయుర్వేదంలోని సౌవీరకం, తుషోదకం అనేవి కూడ యవలను పులియబెట్టి చేసిన పుల్లని ద్రవాలే; పొట్టు తీసిన యవలతో చేసినది సౌవీరకం, పొట్టుతో చేసినది తుషోదకం.

ఇక్కడ శాస్త్రం తెలిసిన పాఠకులు నన్ను నిలదీయవచ్చును. మొలకెత్తిన ధాన్యాన్ని సుశ్రుతుడు మెచ్చుకొనలేదు గదా అని. నిజమే. విరూఢక ధాన్యం గురువని, విదాహమును, విష్టంభమును కలిగించునని, దృష్టికి మంచిది కాదని ఆయన అభిప్రాయం. ఈనాడు ప్రతి ఉదయం గుప్పెడు పచ్చి మొలకలు నమిలి, మధ్యాహ్నానికి కడుపుబ్బరంతో నా వద్దకు వచ్చువారిని చూచినప్పుడల్లా సుశ్రుతుడు గుర్తుకు వచ్చును. అయితే మాల్టు పచ్చి మొలక కాదు. ఎండబెట్టి, వేయించి, విసిరి, ఉడికించినది. సంస్కారం చేత ద్రవ్యగుణం మారుననునది చరకుని మతం. వడ్లు గురువులు, వాటి పేలాలు లఘువులు కావా? ఇదియు అటువంటిదే.

మా ప్రాంతంలో రాగులను తైదలు అంటారు. నా బాల్యంలో జగిత్యాల చుట్టుపక్కల పల్లెలలో తైద అంబలి, జొన్న గట్క, మక్క గట్క లేని ఇల్లు లేదు. శ్రీరాంసాగర్ కాలువ నీరు వచ్చిన తరువాత పొలాలు వరి మడులైనవి, గింజలతోపాటు గట్క కుండలు కూడ మూలపడినవి. ఇప్పుడు పట్టణాలలో అవే తైదలను అందమైన పొట్లాలలో సన్నబియ్యం కన్న ఎక్కువ ధరకు కొనుచున్నాము! తైదలలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉన్నది. మొలకెత్తించినప్పుడు ఖనిజాలను పట్టి ఉంచు ఫైటేట్ తగ్గి, అందులోని ఇనుము శరీరానికి మెరుగుగా అందును. చిరుధాన్యాలలో మంచి మాల్టునిచ్చునది తైదయే అని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారి పరిశోధనలు కూడ చూపినవి.

పసిపిల్లలకు మాల్టు వలన కలుగు అసలు మేలు వేరొకటి ఉన్నది. బిడ్డ కడుపు చిన్నది. మామూలు పిండితో చేసిన జావ చిక్కగా ఉంటే బిడ్డ మ్రింగలేడు. నీళ్ళు పోసి పలుచన చేస్తే కడుపు నిండును గాని బలం చాలదు. మాల్టు పిండి కలిసినప్పుడు, పిండి తగ్గించకుండగనే జావ పలుచబడును. 1980 దశాబ్దంలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాలదాసు గారు, వారి సహచరులు ఈ సూత్రాన్ని పట్టుకొనియే పసిపిల్లల ఆహారంపై పరిశోధనలు చేసినారు. ఒక చెంచా మొలకపిండి, గిన్నెడు గట్టి జావను గరిట జారునట్లు మార్చుట నేను స్వయంగా ఎన్నోసార్లు తల్లుల ఎదుట చేసి చూపించినాను. మంత్రం వేసినట్లు చూచెదరు.

ఇక నా పొరపాటు. సుమారు పన్నెండేళ్ళ క్రిందటి మాట. అప్పటికి సిరిసిల్ల ఇంకా కరీంనగరు జిల్లాలోనిదే. వారానికొకరోజు అక్కడికి వెళ్ళి రోగులను చూచెడివాడను. మరమగ్గాల చప్పుడు మధ్య, ఒడిలో బీడీల చేట, ప్రక్కన బిడ్డ, ఇదీ అక్కడి తల్లుల సంసారం. ఒక తల్లి తన పది నెలల కుమారుని తీసుకొని వచ్చినది. బిడ్డ సన్నగిల్లి ఉన్నాడు. తల్లిపాలు మానవద్దని, తోడుగా మొలకెత్తించిన ధాన్యపు జావ పట్టమని చెప్పి, విధానం ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చినాను. ఆ కాగితంలో "తైదలు" అని వ్రాయక, తొందరలో "ధాన్యం" అని మాత్రమే వ్రాసినాను.

మరుసటి వారం ఆమె రాలేదు. ఆ పై వారం అత్తగారితో కలిసి వచ్చి చెప్పినది: "సారూ, మీరు రాసిచ్చినట్టే చేసిన. తైదలు దొరకకపోతె తెల్లజొన్నలు మొలకేసిన. మొలకలు పొడుగైతె బలం ఎక్కువని నాలుగొద్దులు ఉంచిన. మొలకలతోనే పిండి పట్టిచ్చిన. జావ తాగంగనే పోరడు కక్కుకున్నడు, మెడ వాల్చిండు." అత్తగారు అందుకొన్నది: "బర్రెకు నాము సోకినట్టే అయ్యింది సారూ. నేనే దవాఖానకు ఉరికిచ్చిన."

దైవానుగ్రహం వలన, ఆ వృద్ధురాలి తెలివి వలన, బిడ్డ దవాఖానలో రెండు రోజులలో కోలుకొన్నాడు. కారణం ఇదియేనని అక్కడి వైద్యులు తేల్చి చెప్పలేదు. నాకు మాత్రం ఆమె అన్న "నాము" అనే మాట ములుకులా గ్రుచ్చుకొన్నది. వానలు వెనుకబట్టినప్పుడు వాడిన లేత జొన్న పైరును, కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలకలను మేసి పశువులు నురుగులు కక్కి పడిపోవుట మన రైతులందరికి తెలిసినదే. చేనులో పశువుకు విషమైన లేత మొలక, గిన్నెలో బిడ్డకు అమృతమగునా? ఈ చిన్న ఆలోచన నాకు రాలేదు.

తరువాత గ్రంథాలు తిరగవేసి తెలుసుకొన్న సంగతి ఇది. జొన్న మొలకలో ధురిన్ అనే పదార్థముండును. అది విడిపోయినప్పుడు సైనైడు విషం వెలువడును. ఎండిన జొన్న గింజలో ఇది లేదనదగినంత స్వల్పం, కనుక జొన్నరొట్టెకు, గట్కకు ఏ భయమూ లేదు. కాని మొలక సాగినకొద్దీ ఇది పెరుగును. అధికభాగం మొలకలోను వేరులోను ఉండును గాని గింజలో కాదు. జొన్నను మొలకెత్తించి వాడు ఆఫ్రికా ఖండంలో కూడ ఈ ప్రమాదం తెలిసినదే. వేరును, మొలకను పూర్తిగా తొలగించినచో అపాయం చాలవరకు తగ్గును. అయినను పసిపిల్లలకు, గర్భిణులకు జొన్న మాల్టు వద్దనియే నా నిశ్చితాభిప్రాయం. తైదలుండగా జొన్నతో ఈ ప్రయోగమెందుకు? ఆనాటి నుండి నా కాగితంలో "తైదలు" అని పెద్ద అక్షరాలతో, దాని క్రింద "జొన్నలు వద్దు" అని వ్రాయించినాను.

విధానం చెప్పెదను. తైదలను రాళ్ళు, పుచ్చు గింజలు లేకుండ చాటలో చెరిగి, నాలుగైదు నీళ్ళలో కడిగి, రాత్రంతా నానబెట్టవలెను. ఉదయం నీరు పూర్తిగా వంచి, ఉడికించి ఆరవేసిన నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి, నీడలో జల్లెడ మీద ఉంచవలెను. పూటకొకసారి నీళ్ళు చిలకరించవలెను. చలికాలంలో 36 నుండి 48 గంటలు పట్టును; మా ప్రాంతపు వైశాఖ మాసపు ఎండలలో ఒక్క రోజుకే మొలక వచ్చును, కాని పులియుట కూడ అంతే వేగం. కనుక నేను ఎండాకాలంలో కొద్దికొద్దిగానే చేయమని చెప్పుదును. మూట విప్పగానే పచ్చి గడ్డి వాసన రావలెను. పుల్లని వాసన వచ్చినను, జిగురు తగిలినను, తెల్లని లేక పచ్చని బూజు ఒక్కచోట కనిపించినను మొత్తం పారవేయవలెను. కడిగి వాడుకొనుట తగదు. బూజు విషం కడిగినందున, ఉడికించినందున పోదు.

మొలక గింజంత పొడవు రాగానే పలుచగా పరచి ఎండలో బాగుగ ఎండబెట్టి, గరుకు గుడ్డలో రుద్ది, మరల చాటలో చెరిగినచో వేళ్ళు, మొలకలు రాలిపోవును. తైదలకు నాము భయం లేకున్నను ఇవి చేదు గనుక తీసివేయుటయే మేలు. తరువాత వేయింపు. ఇక్కడనే చాలమంది తల్లులు పొరబడుచున్నారు. కమ్మని వాసన కొరకు ఎర్రగా వేయించినచో రుచి వచ్చును గాని, మనము మూడు రోజులు శ్రమించి పుట్టించిన పాచకశక్తి మాడిపోవును. మూకుడు వేడెక్కిన తరువాత, చేతికి వేడి తెలియునంతవరకు సన్నని సెగపై కలియబెట్టి దించవలెను.

జావ కాచునప్పుడు పిండిని మరుగు నీళ్ళలో పోయరాదు. చల్లని నీటిలో కలిపి, సన్నని సెగపై నిదానంగా వేడిచేయవలెను. వేలు పెట్టలేనంత వేడికి వచ్చు సమయంలో పాచకశక్తి బాగుగ పనిచేసి జావ పలుచబడును. ఆ పైన తప్పక పొంగు వచ్చునట్లు మరిగించవలెను, లేనిచో మొలకలలో పెరిగిన సూక్ష్మక్రిములు బిడ్డకు విరేచనాలు తెచ్చును. ఆరు నెలలు నిండిన తరువాతనే మొదలుపెట్టవలెను.

మధుమేహ రోగులకొక మాట. తైదలు మంచివన్నారు గదా అని దినమునకు మూడుసార్లు రాగి మాల్టు త్రాగువారిని నేను చూచుచున్నాను. మాల్టులో పిండి సగం దారి అరిగియే ఉండును. కనుక రక్తంలో చక్కెర వేగంగా పెరుగును. వారికి మొలకెత్తించని తైదల సంకటి, కూరతో, మితంగా, మేలు.

ఇంతకు, ఆ కోరుట్ల యువకునికి నేనేమి చెప్పితినో చెప్పలేదు. మొలకెత్తిన గింజ చక్కెరనిచ్చునే గాని సారానివ్వదని, దానిని ఈస్టు పులియబెట్టవలెనని, బట్టీ పెట్టి ఆవిరి పట్టవలెనని, అనుమతి లేకుండ ఆ బట్టీ పెట్టుట 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం నేరమని చెప్పినాను. సీసం అతుకులు వేసిన పాత్రలలో దించిన సారా నరాలను చెరచునని, మిథైల్ ఆల్కహాలు కలిసిన సారా కన్నులను, ప్రాణాలను తీయునని చెప్పినాను. మన పల్లెలలో గుడుంబా నల్లబెల్లంతో, పటికతో దించినదే గాని ధాన్యంతో కాదు. దాని వలన పాడైన కాపురాలు అతనికి నాకన్న ఎక్కువ తెలుసును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కదలిన తరువాత, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలినది. అప్పుడు అతడు ఇంకా పలక పట్టని వయస్సువాడు.

"అయితె జొన్నలు మొలకెయ్యుడే వద్దంటరా సారూ?" అన్నాడు. తైదలు వేయమన్నాను. ఇంట ఎనిమిది నెలల కూతురున్నదట. నా కాగితం ఒకటి మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళినాడు.

సిరిసిల్ల తల్లి కుమారుడు ఇప్పుడు ఏడవ తరగతి. ఆమెకు తరువాత పుట్టిన ఆడబిడ్డకు కూడ తైదల జావయే పట్టినది. కాని మొదటిసారి గింజలు కొన్నప్పుడు కొంగున ముడివేసుకొని నా వద్దకు తెచ్చి, బల్ల మీద గుప్పెడు పోసి అడిగినది: "ఇవి తైదలేనా సారూ? సక్కగ చూసి చెప్పుండ్రి."

నేను కళ్ళద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క గింజనూ చూచి చెప్పినాను.