వ్యవసాయ విలేకరుల విదేశ సభలు – మన పొలముల ప్రశ్నలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో విదేశయాత్ర యను మాటకు అర్థము వేరు. దుబాయి, మస్కటు, కువైటు, బహరీను – ఇవియే అచ్చటివా రెఱిగిన విదేశములు. బోరుబావి యెండి, అప్పు పెరిగి, సాగు గిట్టక, రైతుబిడ్డ పాసుపోర్టు చేతబట్టుకొని పోవు ప్రయాణమే ఆ పల్లెలకు తెలిసిన ప్రయాణము. పోయినవాడు పంపు సొమ్ముతో ఇల్లు లేచును, చెల్లెలి పెండ్లి జరుగును. పొలము మాత్రము కౌలుకు పోవును. ఇట్టి సీమవారికి, దేశదేశముల వ్యవసాయ విలేకరులు ఏటేట నొకచోట గూడి, పొలములు చూచి, ఆ దేశపు వంటకములు రుచిచూచి, ఆటపాటలకు ఆనందించి తిరిగివత్తురని చెప్పినచో, అది తీరికగలవారి వేడుకగా తోచుట సహజము. కేవలము వేడుకయే యైనచో దానిని గూర్చి వ్రాయ నక్కఱలేదు. కాని ఆ సభలనుండి మన రైతునకు రావలసిన మేలొకటి కలదు. దానిని మన పత్రికలు ఇంకను సరిగా గ్రహింపలేదని మా యభిప్రాయము.

అంతర్జాతీయ వ్యవసాయ పాత్రికేయుల సమాఖ్య 1956వ సంవత్సరమున ఏర్పడినది. ఒక్కొక దేశమందలి వ్యవసాయ విలేకరుల సంఘములు ఇందు సభ్యులు. ఒక్కొక యేట నొక్కొక దేశపు సంఘము అతిథేయియై మహాసభ జరుపును. 2014లో స్కాట్లండులోని ఆబర్డీనునందును, 2016లో జర్మనీలోని బాన్ నగరమునందును, 2018లో నెదర్లండ్సునందును, 2023లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమునందును, 2024 ఆగస్టులో స్విట్జర్లండులోని ఇంటర్లాకెన్ పట్టణమునందును ఈ సభలు జరిగినవి. చేరిన స్థలములను జూచినంతనే వాని యుద్దేశ్యము తెలియును. ఆబర్డీను ప్రాంతము లోకప్రసిద్ధమైన ఆంగస్ జాతి పశువులకు పుట్టినిల్లు. ఆల్బర్టా గోధుమపొలములకును పశువుల మందలకును పేరుగన్నది. నెదర్లండ్సులోని వాగెనింగెన్ వ్యవసాయ విద్యకు ప్రసిద్ధిగాంచినది. పంట యెచ్చట నున్నదో సభ యచ్చటికే పోవుచున్నది.

ఈ సభల తీరు మన సభల తీరువంటిది కాదు. ఉపన్యాసము లుండును, కాని వానితో పని ముగియదు. విలేకరులు బస్సులెక్కి పొలములకు పోవుదురు. రైతు తన కళ్లమునందు నిలిచి తన లెక్క తానే చెప్పును. పాలకు ధర యెంత, మేతకు ఖర్చెంత, బ్యాంకున కప్పెంత, కొడుకు సేద్యము చేయునా, పట్టణమునకు పోవునా – అను ప్రశ్నలు అచ్చటనే పుట్టును. సాయంకాలమున ఆ యూరి భోజనము, ఆ యూరి సంగీతము. ఈ చివరిదానిని విలాసమని త్రోసివేయుట పొరపాటు. పంటకును పండుగకును మధ్య గోడ లేదు. ఏ ధాన్యము తినుచున్నారో, ఏ కాలమున పాడుచున్నారో, ఏ జంతువునకు పూలమాల వేయుచున్నారో తెలిసికొనని విలేకరికి ఆ దేశపు వ్యవసాయము అంకెలుగా మాత్రమే కనబడును.

స్విట్జర్లండునే తీసికొందము. ఇంటర్లాకెన్ రెండు సరస్సుల నడుమ వెలసిన పట్టణము, చుట్టును మంచుకొండలు. వేసవి రాగానే ఆ సీమ రైతులు పశువులను కొండమీది పచ్చికబయళ్లకు తోలుకొనిపోయి, అచ్చటనే పాలు పితికి, అచ్చటనే జున్నుగడ్డలు తయారుచేయుదురు. ఈ యాచారమును యునెస్కో సంస్థ 2023లో మానవజాతి సాంస్కృతిక సంపదగా పేర్కొనినది. శరత్కాలమున మందలు దిగివచ్చునపుడు ఆవుల తలలకు పూలు కట్టి, మెడలకు పెద్ద గంటలు వ్రేలాడగట్టి ఊరేగింతురు. ఇంటర్లాకెన్‌కు సమీపమందలి జుస్టిస్ లోయలో సెప్టెంబరు మాసమున జున్ను పంపిణీ యొక పండుగగా జరుగును. ఆ వేసవియంతయు కలిపి చేసిన జున్నును, ఎవరి యావులెన్ని పాలిచ్చినవో లెక్కజూచి, ఆ ప్రకారమే యజమానులకు పంచిపెట్టుదురు. పాటలు, ఆటలు, విందు – అన్నియు ఆ లెక్క చుట్టునే నడచును. అందఱి యెదుటను జరుగు న్యాయమైన పంపకమే ఆ పండుగకు ప్రాణము.

వేమున దీనిని చదివి మురిసిపోవలసిన పని లేదు. మన వేములవాడలో రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లించు రైతు చేయున దేమి? పశువును అలంకరించి, ఆలయము చుట్టును త్రిప్పి, తన యింటి కలిమికి మూలమైన జీవమునకు నమస్కరించుచున్నాడు. బతుకమ్మనాడు మన యాడుబిడ్డలు పేర్చు తంగేడు, గునుగు పూలు ఏ తోటమాలియు పెంచినవి కావు; బీళ్లలోను చేని గట్లపైనను వానలకు తమంత తామే పూచినవి. గునుగు చేనిలో కలుపు, పళ్లెములో దైవము. సంక్రాంతి సకినములలో క్రొత్త బియ్యమున్నది; మక్కగట్కలో మెట్టచేని బ్రతుకున్నది. ఆల్ప్సు పర్వతముల గంటలకు చెవియొగ్గిన విలేకరి, తన యూరి కోడెమెడలోని గజ్జెలకు చెవి మూసికొనినచో ఆ యాత్ర వ్యర్థము.

అచ్చటినుండి తేదగినది వేఱొకటి కలదు. అది యొక ప్రశ్న. 1996లో స్విస్ ప్రజలు ఓటువేసి, వ్యవసాయమును గూర్చి తమ రాజ్యాంగమున నొక అధికరణమును చేర్చుకొనిరి. రైతు తిండిగింజలను మాత్రమే గాక, నేలను, నీటిని, పల్లెల నివాసమును గూడ కాపాడుచున్నాడు; కావున ప్రభుత్వము అతనికి నేరుగా సొమ్ము చెల్లించుట న్యాయమని దాని సారాంశము. ఆ సొమ్ము పొలమును సాగుచేయువానికి ముట్టును. పర్యావరణ నియమములను పాటించుట అతని విధి. ఆ దేశము చిన్నది, సంపన్నమైనది. దాని ఖజానాతో మన ఖజానాను పోల్చరాదు. అయినను సొమ్మెవరి చేతికి ముట్టవలయునను విచారమునకు సంపదతో పని లేదు.

2018లో తెలంగాణమున రైతుబంధు పథకము ఉమ్మడి కరీంనగర సీమలోని హుజూరాబాదుననే ఆరంభమైనది. మొదట ఎకరమునకు, పంటకాలమునకు 4000 రూపాయలు నిర్ణయింపబడినవి. రైతు ఖాతాకు నేరుగా సొమ్ము చేర్చుట గొప్ప యాలోచనయే. కాని ఆ సొమ్ము పట్టాదారు పాసుపుస్తకము వెంట నడచినది. నాగలి వెంట నడువలేదు. పొలమును కౌలుకిచ్చి దుబాయిలో నున్నవాని ఖాతాకు సాయము చేరగా, ఆ పొలమున నాటువేసి, ఎరువు చల్లి, వడగండ్లకు నష్టపోయిన కౌలురైతునకు చేతికేమియు రాలేదు. గల్ఫునకు పోయినవాడును బీదవాడే. అతనిని నిందించుట మా యుద్దేశ్యము కాదు. నష్టమెవరిది, సాయమెవరికి – అను ప్రశ్న ఊరూర అడుగవలసినవాడు విలేకరి. జున్ను పంపకమును చూచి వచ్చినవాడు ఈ పంపకమును గూర్చి వ్రాయకున్న, చూచిన దేమి?

ఇక విదేశపు విలేకరి మన సీమకు వచ్చెననుకొందము. అతనికి చూపదగిన దేమున్నది?

మొదట జగిత్యాల. ఆ పట్టణమునకు చేరువనున్న పొలాసలో వ్యవసాయ పరిశోధనస్థాన మున్నది. ఆ ప్రాంతపు వరికి ఉల్లికోడు పెద్ద శత్రువు. ఈ పురుగు సోకిన పిలక వెన్ను తీయక ఉల్లికాడవలె గొట్టమై పోవును. పేరుపడిన సాంబమసూరికి దానిని తట్టుకొను శక్తి లేదు. పొలాస శాస్త్రజ్ఞులు సాంబమసూరిని కావ్య యను రకముతో సంకరము చేసి, ఉల్లికోడును తట్టుకొనునదియు, తక్కువ కాలమున పండునదియు నగు సన్నరకమును సృష్టించిరి. దానినే జగిత్యాల సన్నాలు, జె.జి.ఎల్. 1798 అందురు. పొలాసప్రభ యను మరియొక వంగడమును అచ్చటిదే. ఒక చిన్నయూరి పేరు బియ్యపుబస్తా నెక్కి దేశము తిరిగినది. ఆ వంగడము వెనుకనున్న యేండ్ల శ్రమను గూర్చి మన దినపత్రికలలో నెన్ని వ్యాసములు వెలువడినవో పాఠకులే యోచింతురు గాక.

తరువాత కోరుట్ల. కోరుట్ల, మెట్‌పల్లి పరిసరములు పసుపునకు ప్రసిద్ధములు. తొమ్మిది నెలలు నేలలో నున్న పంటను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్చువఱకు రైతు చేయని పని లేదు. ధర నిర్ణయించు పని యొక్కటి తప్ప. చిరకాలపు కోరికమీదట 2025లో జాతీయ పసుపు బోర్డు నెలకొన్నది. దాని ఫలము రైతు తూకములో కనబడవలయును. ఆ సమీపమునే ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా, చెఱకు నమ్ముకొన్న పల్లెలు పంట మార్చుకొనవలసివచ్చినవి. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. అచ్చటి చదువు పల్లె పాడికి ఎంతవఱకు చేరుచున్నదో చూచుటయు విలేకరి పనియే.

పిమ్మట సిరిసిల్ల. ఆ యూరిలో అడుగిడగానే సాంచెల చప్పుడు వినవచ్చును. అచ్చటివారు మరమగ్గమును సాంచె యందురు. అగ్గిపెట్టెలో ఇమిడెడు చీరను నేసిన చేతులు ఆ యూరివే. కాని చుట్టుపట్ల చేలలో ప్రత్తి పండుచుండగా, సాంచెలపై నడచునది యెక్కువగా పాలిస్టరు నూలు. చేనికిని సాంచెకును నడుమ దూరము కొద్ది క్రోసులే. ప్రత్తి మాత్రము ఆ త్రోవను పోదు. 2017 మొదలు కొన్నియేండ్లు బతుకమ్మ చీరల నేత ప్రభుత్వముచే సిరిసిల్లకు లభించి, కార్మికులకు పని దొరకినది. ప్రభుత్వపు పని యున్నపుడే పొయ్యి వెలుగుట, లేనపుడు ఆరుట – ఇది నిలుకడగల బ్రతుకు కాదు. రైతును నేతకారుని వేఱువేఱుగా జూచు పత్రికకు ఈ సమస్య యొక్క మొదలు దొరకదు.

తెలుగున వ్యవసాయ పత్రికారచనకు సంప్రదాయము లేకపోలేదు. 1969లో అన్నదాత మాసపత్రిక వెలసి సేద్యపు విషయములను ఇంటింటికి చేర్చినది. రైతునేస్తము పత్రికా సంపాదకులు యడ్లపల్లి వెంకటేశ్వరరావుగారికి 2019లో పద్మశ్రీ లభించినది. పల్లెల కడగండ్లను లోకమునకు తెలిపిన పాలగుమ్మి సాయినాథ్‌గారు 2007లో రామన్ మెగసెసే పురస్కారము నందిరి. అయినను మన దినపత్రికలలో రైతు సాధారణముగ రెండుమారులే కనబడును: ధర పడిపోయినపుడు నొకమారు, ఉరిత్రాటికి వ్రేలాడినపుడు నొకమారు. ఆ రెండింటి నడుమ గడచిన పంటకాలమును గూర్చి వ్రాయువా రరుదు.

కావున మా సూచనలు మూడు. ప్రతి దినపత్రికయు ఒక్కొక జిల్లాకు, విత్తునాటినుండి తూకమువఱకు ఒక పంటను వెంబడించు విలేకరి నొక్కనినైన నియమింపవలయును. విదేశ సభలకు పోవు అవకాశము నగరపు విలేకరులకే గాక, మండలములలో తిరుగు యువకులకును యువతులకును లభింపవలయును. తిరిగివచ్చినవారు తాము చూచినదానిని మొదట రైతుల యెదుట చెప్పవలయును. మూడవది, ఆ దేశములవలె మనమును సభ జరుపవలయును. పొలాసలో నొకదినము, కోరుట్లలో నొకదినము, సిరిసిల్లలో నొకదినము. పగలు పొలమున, కళ్లమున, సాంచెల నడుమ. సాయంకాలము బతుకమ్మ పాట, గట్క, సర్వపిండి. 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను నాలుగవ ఆంధ్ర మహాసభ సిరిసిల్లలోనే జరిగినది. 1978 సెప్టెంబరులో వేలకొలది రైతుకూలీలు జగిత్యాలలో గుమిగూడి తమ మాట తాము చెప్పుకొనిరి. సభ చేయుట ఈ సీమకు నూతనము కాదు.

పరదేశపు పచ్చికను జూచుట తప్పు కాదు. అచ్చటి పాటకు తలయూపుటయు తప్పు కాదు. కాని తిరిగివచ్చిన విలేకరిని మన రైతు తప్పక యొకమాట యడుగును: “అయ్యా, అక్కడి రైతుకు దక్కిందేమిటి? మాకు దక్కనిదేమిటి?” ఆ మాటకు సూటిగా బదులు చెప్పగలిగినచో ఆ ప్రయాణము సార్థకము. చెప్పలేనిచో, దుబాయినుండి అప్పు తీర్చుకొని వచ్చిన రైతుబిడ్డ ప్రయాణమే దానికన్న మేలని చెప్పక తప్పదు.