ఫస్ట్ క్లాస్ లాంజ్: ఆ తలుపు వెనుక ఏమున్నది?

ముళబాగిలు ప్రాంతానికి చెందిన రైతు దంపతులు కొన్నేళ్ల క్రితం అమెరికాలో ఉన్న కుమారుని వద్దకు ప్రయాణమయ్యారు. ఉద్యోగరీత్యా తరచుగా విమానాలలో తిరిగే ఆ కుమారుడు, తన ఖాతాలో కూడిన మైళ్లతో తల్లిదండ్రులకు ఫస్ట్ క్లాస్ టికెట్లు తీసి పంపాడు. మధ్యలో విమానం మారవలసిన చోట వారికి ఐదు గంటల వ్యవధి దొరికింది. ఆ ఐదు గంటలూ వారు గేటు దగ్గరి కుర్చీలలోనే కూర్చున్నారు. ఇంటి నుండి తెచ్చుకున్న చపాతీలు తిని, వాచిన కాళ్లతో తరువాతి విమానం ఎక్కారు. వారి విమాన సంస్థ నడిపే ఫస్ట్ క్లాస్ లాంజ్ ఎదురుగానే ఉన్నది. “అది పెద్దోళ్లకనుకుంటిమి సామీ, మమ్మల్ని యాడ రానిస్తారని పోలేదు” అని ఆ పెద్దాయన తిరిగి వచ్చిన తరువాత మాతో అన్నారు.

నిజానికి వారు జంకవలసిన పని ఏమీ లేదు. ఆ గదిలో కూర్చునే హక్కు టికెట్టుతో పాటే వారికి వచ్చింది. కోలారు, హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం ప్రాంతాలలో విదేశాలలో పిల్లలున్న కుటుంబాలు నేడు అనేకం. వారిలో కొందరికైనా ఇటువంటి టికెట్టు చేతికి రావచ్చు. కనుక ఆ తలుపు వెనుక ఏమున్నదో, ఎవరికి ప్రవేశమో, లోపల ఎలా మెలగవలెనో తెలుసుకొనుట మంచిది.

రైల్వే వెయిటింగ్ రూము వంటిదే

గుంతకల్లు లేదా జోలార్‌పేట జంక్షనులో పై తరగతి వెయిటింగ్ రూము మన పాఠకులందరూ చూచినదే. టికెట్టు చూపించి లోపలికి వెళ్తాము, బండి వచ్చే వరకు కూర్చుంటాము. విమానాశ్రయపు లాంజ్ కూడా మూలతః అంతే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1939లో న్యూయార్కులోని లాగార్డియా విమానాశ్రయంలో ‘అడ్మిరల్స్ క్లబ్’ పేరుతో తెరచిన గది ఈ పద్ధతికి ఆద్యమని చెప్తారు. కాలక్రమంలో ఈ లాంజ్‌లలో అంతరాలు ఏర్పడ్డాయి. బిజినెస్ క్లాస్ వారికి ఒకటి, ఫస్ట్ క్లాస్ వారికి అంతకంటె చిన్నది, నిశ్శబ్దమైనది మరొకటి.

ప్రవేశం ఎవరికి?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బెంగళూరు, చెన్నై విమానాశ్రయాలలో బ్యాంకు కార్డు గీకితే పంపే లాంజ్ వేరు, విమాన సంస్థ తన ఫస్ట్ క్లాస్ ప్రయాణికుల కొరకు నడిపే లాంజ్ వేరు. రెండవదానిలో ఎంత ఖరీదైన కార్డు ఉన్నా సాధారణంగా ప్రవేశం లభించదు. వారు చూచేది మీ బోర్డింగ్ పాస్‌పై ముద్రించిన తరగతిని, విమాన సంస్థ పేరును, ప్రయాణపు తేదీని.

బిజినెస్ క్లాస్ టికెట్టు ఉన్నంత మాత్రాన ఫస్ట్ క్లాస్ లాంజ్‌లోకి రానివ్వరు. ఉదాహరణకు, 2014లో ప్రారంభమైన దోహాలోని హమద్ విమానాశ్రయంలో కతార్ ఎయిర్‌వేస్ ఫస్ట్ క్లాస్ వారికి ‘అల్ సఫ్వా’, బిజినెస్ క్లాస్ వారికి ‘అల్ ముర్జాన్’ అని రెండు వేర్వేరు లాంజ్‌లు నడుపుతున్నది. సింగపూరు చాంగీ విమానాశ్రయపు మూడవ టెర్మినల్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి ‘ప్రైవేట్ రూమ్’ ఆ సంస్థ స్వంత ఫస్ట్ క్లాస్, స్వీట్స్ ప్రయాణికులకే పరిమితం. భాగస్వామ్య సంస్థల ఫస్ట్ క్లాస్ టికెట్టు ఉన్నవారిని దాని బయటనున్న మరొక లాంజ్‌లో కూర్చుండబెడతారు. ఇది అవమానం కాదు, వారి నియమం.

మరొక మాట. మన బెంగళూరు, చెన్నైలలో విదేశీ సంస్థలు తమ ఫస్ట్ క్లాస్ వారిని కూడా సాధారణంగా పలు సంస్థలు కలసి వాడుకునే లాంజ్‌కే పంపుతాయి. అక్కడి రద్దీ చూచి నిరాశ చెందవద్దు. అసలు సిసలు లాంజ్ ఆ సంస్థ స్వస్థానంలో, అనగా ఫ్రాంక్‌ఫర్టు, దుబాయి, దోహా, సింగపూరు వంటి చోట్ల ఉంటుంది.

ఫ్రాంక్‌ఫర్టు ఉదాహరణ

ఈ ఏర్పాట్లలో పేరెన్నికగన్నది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు విమానాశ్రయంలో లుఫ్తాన్సా సంస్థ 2004 డిసెంబరులో తెరచిన ఫస్ట్ క్లాస్ టెర్మినల్. ఇది గది కాదు, మొదటి టెర్మినల్ ప్రక్కన ప్రత్యేకంగా కట్టిన భవనం. నగరం నుండి కారులో వచ్చి వాకిట్లో దిగగానే ఒక సహాయకురాలో, సహాయకుడో ఎదురు వచ్చి సామాను అందుకుంటారు. సామాను తనిఖీ, పాస్‌పోర్టు పరిశీలన ఆ భవనంలోనే జరుగుతాయి. పొడవాటి వరుసలు ఉండవు.

లోపల కోరినది వండి వడ్డించే భోజనశాల, పడుకొనుటకు గదులు, తొట్టి స్నానానికి వీలున్న స్నానాల గదులు, చుట్ట కాల్చేవారికి వేరే గది ఉన్నాయి. స్నానపు తొట్టిలో వేసుకొనుటకు ఇచ్చే చిన్న రబ్బరు బాతు బొమ్మను చాలామంది జ్ఞాపకార్థం ఇంటికి తెచ్చుకుంటారు. విమానం వేళకు సహాయకులే వచ్చి పిలిచి, మెర్సిడెస్ లేదా పోర్షే కారులో నేరుగా విమానం దగ్గరకు చేరుస్తారు.

అయితే మన ప్రయాణికులు ముఖ్యంగా గమనించవలసిన చిక్కు ఒకటున్నది. ఆ భవనం విమానాశ్రయపు తనిఖీలకు వెలుపల ఉన్నది. బెంగళూరు లేదా చెన్నై నుండి ఫ్రాంక్‌ఫర్టులో దిగి అమెరికాకు మారేవారు అక్కడికి పోవలెనంటే జర్మనీ దేశంలోకి ప్రవేశించవలెను. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి అందుకు షెంగెన్ వీసా అవసరం. యానాం కుటుంబాలలో ఫ్రెంచి పాస్‌పోర్టు గలవారికి ఈ అడ్డంకి లేదు. కనుక ఒకే ఇంటివారు కలసి ప్రయాణించినా ఒకరికి సాధ్యమైనది మరొకరికి కాకపోవచ్చు. వీసా లేనివారు దిగులు పడనవసరం లేదు. మొదటి టెర్మినల్ లోపలి భాగంలోనే వేరుగా ఫస్ట్ క్లాస్ లాంజ్‌లు ఉన్నాయి. బోర్డింగ్ పాస్ చూపి అడిగితే దారి చెప్తారు.

దుబాయిలో దూరం సంగతి

దుబాయిలో ఎమిరేట్స్ సంస్థ ఏ380 విమానాల కొరకు ప్రత్యేకంగా కట్టిన ‘కాన్‌కోర్స్ ఏ’ 2013లో వాడుకలోకి వచ్చింది. దానిలో ఒక అంతస్తు ఫస్ట్ క్లాస్ లాంజ్‌కే కేటాయించారు. అక్కడి నుండి రెండంతస్తుల ఏ380 విమానపు పై అంతస్తులోకి నేరుగా నడచి వెళ్లే వీలున్నది. కాని మీ విమానం ఏ విభాగం నుండి బయలుదేరునో ముందుగా చూచుకోవలెను. గేటు సంఖ్యకు ముందున్న అక్షరమే దానికి గుర్తు. ఏ విభాగంలో హాయిగా కూర్చుని, విమానం మాత్రం బీ విభాగంలో ఉంటే, రైలెక్కి దూరం తిరిగి పోవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇది చిన్న విషయం కాదు.

లోపల ఎలా మెలగవలెను?

ముందుగా కౌంటరులో బోర్డింగ్ పాస్ చూపవలెను. అక్కడివారు లోపలికి తీసుకొని వెళ్లి కూర్చుండబెడతారు. భోజనానికి, కాఫీకి, స్నానానికి సాధారణంగా వేరుగా సొమ్ము అడగరు. వాటి వెల టికెట్టులోనే ఇమిడి ఉన్నది. కొన్నిచోట్ల మర్దన వంటి సేవలకు రుసుము ఉండవచ్చు, ముందే అడుగుట మేలు. టిప్పు ఇవ్వవలసిన నిర్బంధం లేదు.

శాకాహారులు “వెజిటేరియన్” అని మాత్రం చెప్పి ఊరుకోరాదు. మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడమరచి చెప్పవలెను. కొన్ని దేశాలలో చేపను మాంసంగా లెక్కించనివారు ఉన్నారు. రాగి సంకటి దొరకదు గాని, అన్నం, పెరుగు అడుగుటకు సంకోచపడవద్దు. ఉన్నచో తెచ్చి ఇస్తారు. మద్యం ఇవ్వజూపుతారు, వద్దంటే మరి అడగరు.

స్నానం చేయదలచినవారు రాగానే కౌంటరులో చెప్పవలెను. గది ఖాళీ అయినప్పుడు పిలుస్తారు. తువాలు, సబ్బు వారే ఇస్తారు. పది పన్నెండు గంటల ప్రయాణం తరువాత వేడినీటి స్నానం, కాళ్లు చాపి ఒక కునుకు, ఇవే పెద్దలకు ఆ లాంజ్‌లో లభించే అసలైన మేలు. తక్కినవి ఆడంబరాలు. పంచె, చీర కట్టుకున్నంత మాత్రాన ఎవరూ అడ్డు చెప్పరు. ఫోనులో బిగ్గరగా మాట్లాడకుండుట, పిల్లలను పరుగెత్తనీయకుండుట మాత్రం మర్యాద.

వీల్‌చెయిర్ కోరినవారికి ఒక సూచన. తోసేవారు తరచుగా నేరుగా గేటు దగ్గరకే తీసుకొని పోయి వదలుతారు. “లాంజ్‌కు తీసుకొని వెళ్లండి, తిరిగి గేటుకు ఎవరు వస్తారు?” అని అప్పుడే అడిగి తెలుసుకోవలెను. తోడుగా వేరే తరగతిలో వచ్చిన బంధువును లోపలికి అనుమతించుట ఆయా సంస్థల నియమాన్ని బట్టి ఉంటుంది. టికెట్టు తీసిన పిల్లలే ఆ సంగతి ముందుగా కనుక్కొనవలెను.

గడియారం మీ బాధ్యతే

ఫ్రాంక్‌ఫర్టులో వలె మనిషి వచ్చి పిలిచే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. చాలా లాంజ్‌లలో ప్రశాంతత కొరకు విమానాల ప్రకటనలు కూడా చేయరు. మెత్తని కుర్చీలో నిద్రపోయి విమానం తప్పిపోయినవారు లేకపోలేదు. విమానం బయలుదేరు వేళకు ముందుగానే గేటు మూసివేస్తారు. కనుక బోర్డింగ్ పాస్‌పై ఉన్న ఎక్కు వేళను గుర్తు పెట్టుకొని, చేతి గడియారాన్ని ఆ ఊరి కాలానికి మార్చుకొని, “మమ్మల్ని ఫలానా వేళకు లేపండి” అని కౌంటరులో చెప్పి ఉంచవలెను. చెప్పినా, గోడమీది తెరను అప్పుడప్పుడు చూచుకొనుట మరువరాదు.

చివరిగా ఒక మాట. లాంజ్ కోసమే అప్పు చేసి ఫస్ట్ క్లాస్ టికెట్టు కొనదగినంత వస్తువు అందులో లేదు. చాంగీ మూడవ టెర్మినల్‌లోని సీతాకోకచిలుకల తోట వంటివి సాధారణ టికెట్టుతో విమానం మారేవారు సైతం ఉచితంగా చూడవచ్చును. కాని పిల్లలు ప్రేమతో పంపిన టికెట్టు చేతిలో ఉన్నప్పుడు, అందులో ఇమిడి ఉన్న విశ్రాంతిని సంకోచంతో వదులుకొనుట సరి కాదు. టికెట్టు పంపే పిల్లలకు మా విజ్ఞప్తి: లాంజ్ పేరు, అది ఉన్న చోటు, లోపల అడగవలసిన రెండు మూడు మాటలు ఒక కాగితంపై తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ వ్రాసి పంపండి. ముళబాగిలు పెద్దాయన చేతిలో ఆ రోజు అటువంటి కాగితం ఒకటి ఉండి ఉంటే, ఆ దంపతులు ఐదు గంటలు ఆ తలుపుకెదురుగా కూర్చుని ఉండేవారు కారు.