కేబుల్ చివర తూము

పాత కంప్యూటర్లు బాగుచేసి ఒకదానితో ఒకటి కలుపుకోవాలనే కుర్రవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. "రెండే మెషిన్లు, మధ్యలో మీటరు కేబులు. దీనికి కూడా రెండు చివర్లా టెర్మినేటర్లు బిగించాలా? లేకపోతే డేటా కారిపోతుందా?" కారిపోదు. అయినా బిగించాల్సిందే. తొంభైల్లో మన కంప్యూటర్ ల్యాబుల్లో ఎంతోమంది ఆ చిన్న లోహపు బుడిపెను డేటా బయటికి పోకుండా ఆపే మూత అనుకున్నారు. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. నిజానికి అది చేసే పని సరిగ్గా అందుకు వ్యతిరేకం.

నేను చెబుతున్నది టెన్ బేస్ టూ గురించి. సన్నటి నల్ల కోయాక్సియల్ కేబుల్, ప్రతి కంప్యూటర్ వెనకా ఒక టీ కనెక్టర్, అలా వరసగా ఒకదాని నుంచి మరోదానికి. 1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈథర్‌నెట్‌కు ఇది చవకగా దొరికిన రూపం. వేగం సెకనుకు కోటి బిట్లు. ఒక వరస 185 మీటర్లు దాటకూడదు, దాని మీద 30 మెషిన్లకు మించకూడదు.

ఈ కేబుల్‌ను పంట కాలువ అనుకోండి. మధ్యలో ఎక్కడో ఒక మోటారు నీళ్లు వదిలింది. అల రెండు వైపులా పరుగెడుతుంది. చివర గట్టు ఉంటే కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది, ఎదురొచ్చే కొత్త అలల్ని చెరిపేస్తుంది. చివర కాలువకు సరిపోయే తూము ఉంటే వచ్చిన అల వచ్చినట్టే వెళ్లిపోతుంది. కరెంటు విషయంలో ఏమీ బిగించకుండా వదిలేసిన చివరే గట్టు. టెర్మినేటర్ తూము. దాని లోపల ఉండేది 50 ఓముల రెసిస్టర్ ఒక్కటే. కేబుల్ అలకు చూపే నిరోధం కూడా 50 ఓములే కాబట్టి అలకు దారి ముగిసినట్టే తెలియదు. కేబుల్ టీవీ తీగ చూపుకు ఇలాగే ఉంటుంది కానీ అది 75 ఓములది. దాన్ని మధ్యలో అతికితే కాలువ వెడల్పు ఉన్నట్టుండి మారినట్టే, అక్కడి నుంచి కొంత అల వెనక్కి మళ్లుతుంది.

మరి మీటరు కేబుల్ సంగతి? సిగ్నల్ ఈ తీగలో కాంతి వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో పోతుంది. ఆ లెక్కన ఒక్కో బిట్టు కేబుల్‌లో 20 మీటర్ల పొడవుంటుంది. మీటరు కాలువలో ఇరవై మీటర్ల అల కొట్టుకుని తిరిగొచ్చినా పెద్ద తేడా పడదు. ఇక్కడే తూము రెండో పని బయటపడుతుంది. అది నీటిమట్టాన్ని కూడా నిలబెడుతుంది.

నెట్‌వర్క్ కార్డు మాట్లాడేటప్పుడు కేబుల్‌లోకి సగటున 40 మిల్లీఆంపియర్ల కరెంటు వదులుతుంది. రెండు చివర్లా 50 ఓములుంటే కార్డుకు ఎదురయ్యేది 25 ఓములు, మట్టం ఒక వోల్టు. రెండు కార్డులు ఒకేసారి మాట్లాడితే మట్టం రెండు వోల్టులకు పెరుగుతుంది. సుమారు ఒకటిన్నర వోల్టు దాటితే చాలు, ఇంకెవరో కూడా మాట్లాడుతున్నారని కార్డు ఆగిపోతుంది. ఇప్పుడు ఒక టెర్మినేటర్ తీసేయండి. ఒక తూము మూసుకుపోయింది, ఒక్క మోటారుకే మట్టం రెట్టింపైంది. తాను వదిలిన నీళ్లనే చూసి కార్డు పక్కవాడి మోటారు అనుకుంటుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఒక్క టెర్మినేటర్ ఊడితే ల్యాబ్ మొత్తం స్తంభించడానికి కారణం ఇదే, కేబుల్ ఎంత పొట్టిదైనా సరే.

అందుకే పాత నెట్‌వర్క్ పనిచేయకపోతే మొదట మల్టీమీటర్ తీయండి. ఏదో ఒక మెషిన్ వెనక నుంచి టీ ఊడదీసి నడిమి సూదికీ బయటి లోహానికీ మధ్య కొలవండి. 25 ఓములు చూపిస్తే కేబుల్ వరస సరిగ్గా ఉన్నట్టు. 50 చూపిస్తే ఒక టెర్మినేటర్ లేనట్టు, లేదా కేబుల్ ఎక్కడో తెగినట్టు. సున్నాకు దగ్గరైతే ఎక్కడో షార్టు.

కొలవడం మనకు అలవాటు కాలేదు. ఆ రోజుల్లో ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పించేవారు, దసరాకు కీబోర్డు మీద కుంకుమ చల్లేవారు. దుమ్ము పడకూడదని పెట్టిన నియమం భక్తిగా మారింది, కవరు విప్పి లోపల చూడాలంటే భయం మిగిలింది. ఆ కుంకుమ పొడి ఫ్లాపీ డ్రైవుకు చేసే హానిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కూడా లోపల చూడకుండానే పాత మెషిన్‌కు "ఆయుష్షు తీరింది" అంటారు. తీరేది సాధారణంగా చిప్పులకు కాదు. 286, 386 బోర్డుల మీదుండే నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేస్తుంది. పాత బోర్డు చేతికి రాగానే, కరెంటు ఇవ్వకముందే, దాన్ని కత్తిరించి తీసేయండి. కారినది క్షారం కాబట్టి వెనిగర్‌తో తుడిస్తే విరుగుతుంది.

మిగతాది తేలిక. ఎన్‌ఈ 2000 తరహా కార్డు, దానికి తగిన ప్యాకెట్ డ్రైవర్, డాస్ కోసం మైకేల్ బ్రట్‌మన్ రాసిన ఎంటీసీపీ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ మీద కూడా ఎంటీసీపీ నడుస్తుంది, ఎనిమిది బిట్ల కార్డు దొరికితే చాలు. ఇంట్లోని రౌటర్‌కు కలపాలంటే ఈ కేబుల్ బిగించే బీఎన్‌సీ సాకెట్టున్న పాత హబ్బు ఒకటి వెతకండి. దాని ఒక పక్క కోయాక్సియల్ కేబుల్, రెండో పక్క ఇప్పటి ఈథర్‌నెట్ తీగ. నేటి వెబ్‌సైట్ల ఎన్‌క్రిప్షన్ ఆ ప్రాసెసర్‌కు మోయలేని బరువు. కానీ ఎఫ్‌టీపీతో ఫైళ్లు హాయిగా వస్తాయి, ఇక ఫ్లాపీలు వెతుక్కునే పని ఉండదు.